అంగడి కెక్కిన పాట

పాటకు రెండు జన్మములు కలవు. కవి వ్రాయగా, స్వరకర్త బాణీ కట్టగా, గాయకుడు పాడగా కలుగునది మొదటి జన్మము. విన్నవారి హృదయములలో నిలిచి, వారి పెండ్లిండ్లకును ప్రయాణములకును దుఃఖములకును తోడై, వారి బ్రతుకులతో పెనవేసికొనుటచే కలుగునది రెండవ జన్మము. మొదటి జన్మమునకు సంబంధించిన హక్కులను గూర్చి చట్టములో సెక్షనులు పెక్కు కలవు. రెండవ జన్మమును గూర్చి చట్టము మౌనము వహించినది. ఆ మౌనపు నీడనే నేటి టెలివిజను ప్రకటనల వ్యాపారము దినదినము వర్ధిల్లుచున్నది.

సాయంకాలము వార్తలు వినగోరి టెలివిజను ముందు కూర్చున్న గృహస్థుని చెవిని హఠాత్తుగా ఒక పల్లవి సోకును. అది అతడు కళాశాలలో చదువుకొను నాటి పాట. మనస్సు ఒక్క గంతున వెనుకకు పోవును. ఆనాటి మిత్రులు, ఆనాటి వీధి, నేడు లేని తల్లిదండ్రులు కన్నులకు కట్టుదురు. ఇంకొక అర నిమిషమునకు తెరమీద సబ్బుబిళ్లయో, బీమా పాలసీయో, నగల దుకాణమో ప్రత్యక్షమగును. పాట ఆగిపోవును, సరకు పేరు మిగులును. ఇట్టి యనుభవము లేని పాఠకు డుండడు. దీనిని చిన్న చికాకుగా భావించి ఊరకుండువారే యెక్కువ. కాని ఇందు విచారింపదగిన న్యాయాన్యాయము లున్నవని మా యభిప్రాయము.

వర్తకుడు పాతపాటను ఏల కోరుచున్నాడు? మనుష్యుడు సుమారు పదియవ యేటినుండి ముప్పదవ యేటివరకు విన్నవియు కన్నవియు తక్కిన వయస్సులోని వానికంటె గాఢముగా జ్ఞాపకముండునని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు పరిశోధించి చెప్పియున్నారు. ఆ వయస్సున పాటలు విన్నవాడు నలువదవ యేట సంసారియై, చేతిలో నాలుగు డబ్బులు కలవాడై యుండును. క్రొత్త పాట కట్టించినచో అది జనుల మనస్సున నాటుకొనుటకు పలుమారు వినిపింపవలెను. దానికి కాలమును ధనమును కావలెను. పాతపాట యో, ఇదివరకే నాటుకొనియున్నది. దున్నినవా డొకడు, విత్తినవా డొకడు, నీరు పెట్టినవారు లక్షలాది జనులు; కోతనాటికి కొడవలితో వచ్చినవాడు వర్తకుడు. చేనికి శిస్తు చెల్లించితినని అతడు రసీదు చూపును. ఆ రసీదు యెవరు వ్రాసి యిచ్చిరి, వ్రాసి యిచ్చుటకు వారికి గల యధికార మెట్టిది యనునదే ప్రశ్న.

ఒక ఉదాహరణము చూడుడు. 1954 లో వెలువడిన ‘పహలీ తారీఖ్’ అను హిందీ చలనచిత్రములో కిశోర్ కుమార్ పాడిన పాట యొకటి కలదు. మొదటి తేదీన జీతము చేతికి వచ్చిన చిరుద్యోగి సంతోషమును గూర్చిన వినోదపు పాట అది. రేడియో సిలోనువారు ప్రతినెల మొదటి తేదీన దానిని వినిపించుట ఆచారముగా పెట్టుకొనిరి. గుమాస్తాలును, బడిపంతుళ్లును, రైల్వే నౌకరులును అది తమ పాటయే యని భావించిరి. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, ఈ శతాబ్దపు తొలి దశకములో, క్యాడ్‌బరీ చాకొలెట్టు కంపెనీవారు ఆ పాటను తమ టెలివిజను ప్రకటనలకు తీసికొనిరి. మొదటి తేదీన తీపి తినవలెననియు, ఆ తీపి తమదే కావలెననియు ఉపదేశించిరి. చట్టవిరుద్ధమైన పని జరిగెనని మే మనుట లేదు. ప్రకటన చమత్కారముగా నున్నదని మెచ్చుకొన్నవారును కలరు. జరిగినదేమనగా, జీతము చేతికి వచ్చినవాని సంతోషము, ఆ జీతమును చేతినుండి లాగుకొనువానికి సాధన మయ్యెను.

వర్తకుని సొమ్ము తాకినంతమాత్రమున కళ మైలపడునని మేము వాదింపము. పోతనామాత్యుడు భాగవతమును నరాంకితము చేయనొల్లక హలము పట్టెనని మన యిండ్ల చెప్పుకొందుము. ఆ కథ మనకు పూజ్యము. కాని శ్రీనాథుని కథయు మనదే. కవిసార్వభౌముడు హరవిలాసమును అవచి తిప్పయ్యసెట్టి యను వర్తకున కంకిత మిచ్చినాడు. ఏ ద్వీపమునుండి కర్పూరము తెప్పించెనో, ఏ దేశమునుండి యే సరకు దిగుమతి చేసెనో, ఆ సెట్టి వ్యాపార వైభవమును అవతారికలో పద్యముకట్టి పొగడినాడు. అది యొకవిధమైన ప్రకటనయే యని పరిహసించువాడు పరిహసింపవచ్చును. అయినను గమనింపుడు. సెట్టి కీర్తి అవతారికతో ముగిసినది. కథలోనికి పోయిన పిమ్మట శివుడు శివుడుగానే, చిరుతొండనంబి చిరుతొండనంబిగానే యున్నారు. గౌరి తపస్సు చేయుచు నడుమ నాగి తిప్పయ్యసెట్టి కర్పూరమును మెచ్చుకొనలేదు. పోషకుడు గడపయొద్ద నిలిచి గౌరవము పొందినాడు, గర్భగుడిలోనికి చొరబడలేదు.

రేడియో నాటి సంగతియు నిట్టిదే. 1952 ప్రాంతమున కేంద్రమంత్రి కేస్కర్ గారి యేలుబడిలో ఆకాశవాణి సినిమా పాటలకు తలుపులు మూసినప్పుడు, జనులు రేడియో సిలోనువైపు తిరిగిరి. అక్కడ పాటలను వినిపించినది ఒక టూత్‌పేస్టు వర్తకుని సొమ్మే. బినాకా గీతమాల యను పేరులోనే ఆ వర్తకుడున్నాడు. ప్రభుత్వము 1957 లో వివిధభారతిని ప్రారంభించి, 1967 లో దానిలో వ్యాపార ప్రకటనలకు తావిచ్చెను. ఆ యేర్పాటులో వర్తకుడు పాటను మోసినాడు. మోసినందులకు కూలిగా తన పేరు చెప్పుకొన్నాడు. శ్రోత మొదటినుండి చివరవరకు పాటను విన్నాడు. ఇప్పటి యేర్పాటులో పాట వర్తకుని మోయుచున్నది. మోత తలక్రిందు లయినది. మా యాక్షేపణ దానిపైననే. సరకుకొరకే పుట్టిన పాటపై మాకు పేచీ లేదు. బట్టల సబ్బుకు కట్టిన బాణీ సబ్బుదే. అది యెవ్వరిని మోసగింపదు. తా నెవరి బిడ్డయో చెప్పుకొనియే యింటింట తిరుగును.

ఈ వివాదము మొదట రచ్చ కెక్కినది అమెరికాలో. ఆంగ్లేయ గాయకులగు బీటిల్స్ బృందమువారు 1968 లో ‘రెవల్యూషన్’ అను పాటను వెలువరించిరి. పేరునకు తగినట్లు అది విప్లవమును గూర్చిన పాట. దానిని వ్రాసిన జాన్ లెనన్ 1980 లో హత్యకు గురియయ్యెను. 1987 లో నైకీ యను పాదరక్షల కంపెనీ ఆ పాటను, ఆ బృందముయొక్క సొంత గొంతులతోనే, తన టెలివిజను ప్రకటనలో వినిపించెను. అనుమతి లేక కాదు. రికార్డుపై హక్కు గల కంపెనీ సమ్మతించినది. రచనపై హక్కు అప్పటికి మైకేల్ జాక్సన్ చేతిలో నుండెను; ఆ పాటల ఖజానాను ఆయన 1985 లో కొనియుండెను. ఆయన పక్షమునుండియు సమ్మతి లభించెను. లెనన్ భార్యయు ఆమోదించెను. ఈ హక్కుల నిమిత్తము నైకీవారు 5,00,000 డాలర్లు చెల్లించిరని నాటి పత్రికలు వ్రాసినవి. జీవించియున్న బృంద సభ్యులు మాత్రము సమ్మతింపలేదు. వారి యాపిల్ సంస్థ న్యాయస్థానమున దావా వేసెను. చెప్పులమ్ముటకు తాము పాడలేదని వారి మొర. 1989 లో ఉభయపక్షములును రహస్యపు షరతులతో రాజీపడుటచే, ధర్మాసనమునుండి తీర్పు వెలువడకయే వ్యాజ్యము ముగిసెను.

ఆ వ్యాజ్యములోని చిత్రమును న్యాయవాదులే గాక యెల్లరును గమనింపవలెను. వ్రాసినవాడు మృతుడు. పాడినవారు కాదనుచున్నారు. ఆ పాటను వ్రాయనివాడును, పాడనివాడును, కొన్నవాడును సరే ననుచున్నాడు. కొన్నవాని మాటయే చెల్లుబడి యైనది. పశువును కొన్నవాడు దానిని నాగటికి కట్టునో గానుగకు కట్టునో అడుగువా డుండడు; పాటకును అదే న్యాయము పట్టినది.

కాదనుటకు ధైర్యమును, కాదన్న పిమ్మట పోరాడుటకు ఓపికయు గలవాడొక డుండెను. టామ్ వెయిట్స్ అను అమెరికా గాయకుడు తన గొంతును ప్రకటనల కమ్మనని నియమము పెట్టుకొన్నాడు. ఫ్రిటో-లే యను చిరుతిండ్ల కంపెనీవారు 1988 లో అతని గొంతును అనుకరింపగల యింకొకని తెచ్చి, వెయిట్సే పాడెనని జనులు భ్రమపడునట్లు ప్రకటన చేయించిరి. అనుకరింపబడిన పాట, వర్తకుల ప్రగల్భములను ఎగతాళి చేయుచు అతడు 1976 లో పాడినదే! వెయిట్స్ దావా వేసెను. జూరీవారు 20 లక్షల డాలర్లకు పైగా పరిహార మిప్పించిరి. 1992 లో అప్పీలు కోర్టు ముఖ్యాంశములలో ఆ తీర్పునే ఖాయపరచెను. మనుష్యుని గొంతు అతని ముఖమువలెనే అతనిదని, దానిని దొంగిలించుట అతనిని దొంగిలించుటయే యని యీ తీర్పు సారాంశము.

ఇక మన దేశపు సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టము మనకు ఆధారము. ఆ చట్టము క్రింద, 1977 లో, సినిమాకొరకు ప్రతిఫలము పుచ్చుకొని వ్రాసిన పాటపై, వేరు ఒడంబడిక లేనియెడల, చిత్రనిర్మాతయే మొదటి హక్కుదారు డగునని సుప్రీముకోర్టు నిర్ణయించెను. ఆ తీర్పునకు జస్టిస్ కృష్ణయ్యరు గారు వేరుగా కొన్ని మాటలు చేర్చి, గాయకుని చట్టము మరచినదని వాపోయిరి. కవికిని స్వరకర్తకును జరిగిన యన్యాయమును సరిదిద్దుటకు ముప్పదియైదేండ్లు పట్టెను. 2012 నాటి సవరణచే, సినిమాలోని పాటను సినిమాహాలులో చిత్రముతోపాటు ప్రదర్శించుట గాక మరి యేవిధముగ వినియోగించినను, రచయితకును స్వరకర్తకును రాయల్టీలో సమానభాగము చెందవలెనని యేర్పడెను. ఈ భాగమును వారు వదలుకొనుటకైనను వీలులేదు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గారు దీనికై చేసిన కృషి శ్లాఘనీయము.

కాని ఈ సవరణ కవికి సొమ్ములో పాలిచ్చినదే కాని, మాటలో పాలీయలేదు. ప్రకటనకు పాట నిచ్చుటయా మానుటయా యని నిర్ణయించువాడు నేటికిని హక్కును కొన్నవాడే. కవికి మిగిలినది 57 వ సెక్షను. తన రచనను వికృతపరచినను, తన గౌరవమునకు భంగము కలిగించినను అడ్డగించు హక్కు, రచనను అమ్మివేసిన పిమ్మటగూడ, ఆ సెక్షను ప్రకారము కవికి కలదు. ఇది సామాన్యమైన హక్కు కాదు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞానభవనమునకు చేసి యిచ్చిన కుడ్యశిల్పమును ప్రభుత్వము 1979 లో ఊడదీసి పాడుచేయగా, ఆయన పోరాడి 2005 లో ఢిల్లీ హైకోర్టున గెలిచెను. శిథిలములను తిరిగి శిల్పికే యిచ్చి, 5,00,000 రూపాయల నష్టపరిహారము చెల్లింపుడని ప్రభుత్వమును కోర్టు ఆజ్ఞాపించెను. శిల్పమును అమ్మినవాడు తన గౌరవమును అమ్ముకొనలేదని దీని తాత్పర్యము. కాని పాటవిషయమున నీ దారి దుర్గమము. సబ్బు ప్రకటనచే తన గౌరవము చెడినదని కవియే కోర్టు కెక్కి, వకీళ్లను పెట్టుకొని, యేండ్లతరబడి రుజువు చేయవలెను. కంపెనీ ప్రకటన మూడు నెలలలో ముగియును. కవి వ్యాజ్యము ముప్పది వాయిదాలలోనైనను ముగియదు.

హక్కులు ప్రైవేటు చేతులలో నుండుటయే యీ యనర్థమునకు మూలమని కొందరందురు. వారికి భారతికవి చరిత్రము ఆధారముగా దొరకును. సుబ్రహ్మణ్యభారతి 1921 లో గతించెను. ఆయన పాటలను రికార్డు చేయు హక్కు చేతులు మారి ఏవీఎం మెయ్యప్పచెట్టియారు గారికి చేరెను. జాతీయకవి పాట ఒకరి సొత్తగుటయా యని తమిళసోదరులు ఆందోళన చేసిరి. నాడు మన యాంధ్రజిల్లాలును చెన్నరాష్ట్రములోనివే. ఆ రాష్ట్రప్రభుత్వము 1949 లో భారతి రచనల హక్కులను స్వాధీనము చేసికొనెను. 1955 లో వానిని ప్రజల కర్పించెను. కవి పాటను జాతిసొత్తుగా చేయుటలో ఇట్టి మేలుబంతి అరుదు. అయినను ఇందును ఒక లోపము కలదు. ఎల్లరదైన పాట వర్తకునిదియు నగును. అడుగవలసిన యజమాని లేనందున అతడు అడుగకయే తీసికొనును. మోజార్టు ఇరువదియైదవ సింఫనీ మన దేశములో పెక్కుమందికి టైటన్ గడియారముల బాణీగానే పరిచయము! యజమాని యున్న పాటను కొనుచున్నారు. లేనిదానిని ఊరకయే కొనిపోవుచున్నారు. కావున హక్కు యెవరిదను ప్రశ్న యొక్కటియే చాలదు. వినియోగ మెట్టిదను ప్రశ్నయు నడుగవలెను.

మాపై రాగల యాక్షేపణలలో బలమైనది యొకటి కలదు. కవులు ఆకలితో చచ్చుచుండగా, వారి పాటకు నాలుగు రూకలు వచ్చు దారిని మూయుట ధర్మమా? ఈ ప్రశ్న విని తలవంచవలసినవారము మనమే. తెల్లదొరతనమును నిరసించి గరిమెళ్ల సత్యనారాయణగారు వ్రాసిన పాటను ఆంధ్రదేశ మంతయు పాడినది. ఆ పాట ఆయనకు చెర తెచ్చిపెట్టినది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1952 లో, ఆయన చెన్నపట్టణమున పేదరికములోనే కన్నుమూసెను. తెలుగుతల్లికి పూలదండ వేసిన శంకరంబాడి సుందరాచారిగారి చివరి దినములును కష్టములోనే గడచినవి. పాటను పాడుకొని కవిని మరచిన జాతికి, పాట నమ్ముకొన్న కవిని నిందించు నధికారము లేదు. కనుకనే అమ్మకమును నిషేధింపుడని మే మడుగుట లేదు. అమ్మునది కవియే కావలెనని అడుగుచున్నాము. కవి తానై, తెలిసి, వెల నిర్ణయించి, ఫలానా సరకునకని సమ్మతించినచో, అది అతని యిష్టము. మనకు నచ్చకపోవచ్చును, కాని మాటాడరాదు. నేడు జరుగుచున్న దది కాదు. ఇరువదియేండ్ల క్రిందట ఏదో కాగితముమీద చేసిన సంతకము, నాడు పుట్టని కంపెనీకి నేడు ద్వారము తెరచుచున్నది.

ప్రకటనవలన మరపున పడిన పాట నేటి పిల్లలకు తెలియుచున్నదికదా యని రెండవ యాక్షేపణ. తెలియుచున్న దేది? పల్లవిలో సగము. చరణములు లేవు, కవి పేరు లేదు, సందర్భము లేదు. కొన్నియెడల మాటలు మార్చి సరకు పేరును అతికింతురు. తరువాత పూర్తి పాట విన్న పిల్లవాడు, ఇది ఫలానా నూనె పాటకదా యనును. అట్లన్న పిల్లవానికి పాట తెలియలేదు, నూనె తెలిసినది. తాతగారి ఫోటోను దుకాణపు బోర్డుమీద చూచి ఆయనను ఎరుగుదుమనుటవంటి దిది.

దేశభక్తి గీతముల మాట చెప్పనేల? ఆగస్టు 15 వ తేదీ వచ్చినదనగా బట్టల దుకాణములకును ఫోనుల వర్తకులకును స్వాతంత్ర్యము జ్ఞప్తికి వచ్చును. తగ్గింపు ధరల వెనుక దేశభక్తి బాణీ మ్రోగును. 1950 నాటి చిహ్నముల చట్టము జాతీయపతాకమును, గాంధీమహాత్ముని పేరును, చిత్రమును కేంద్రప్రభుత్వపు టనుమతి లేక వ్యాపారమునకు వాడరాదని శాసించినది. మహాత్ముని బొమ్మను సబ్బుపై ముద్రింపరాదని తెలిసిన రాజ్యమునకు, ఆయనతో నడచినవారు లాఠీదెబ్బలు తినుచు పాడిన పాటను ఆ సబ్బునకు కట్టరాదని తోచకపోవుట వింత. పేళ్లకును చిహ్నములకును ఉన్న రక్షణ పాటలకు లేదు.

చేయవలసినది దుస్సాధ్యము కాదు. మొదటిది: కాపీరైటు చట్టమున ప్రకటనలను ప్రత్యేక వినియోగముగా నేర్పరచి, ప్రతి ప్రకటనకును రచయితయొక్కయు స్వరకర్తయొక్కయు వ్రాతపూర్వకమైన సమ్మతి వేరుగా పొందవలెనని విధింపవలెను. సర్వహక్కులును ఇచ్చితినను గంపగుత్త ఒడంబడిక దీనికి చాలరాదు. సొంత గొంతును వాడినప్పుడు గాయకుని సమ్మతియు కావలెను. వారు గతించినచో వారసులు సమ్మతింపవలెను. కాని రచయిత జీవితకాలమున కాదని వ్రాసియుంచినచో వారసులును దానిని దాటరాదు. రెండవది: స్వాతంత్ర్యోద్యమమున ప్రజలు పాడుకొన్న గీతములకు పట్టిక యొకటి తయారుచేసి, 1950 నాటి చట్టపు రక్షణను వానికిని కల్పింపవలెను. పాడుటకు, అచ్చువేయుటకు, బడిలో నేర్పుటకు ఏ యాటంకమును ఉండరాదు. సరకులకు కట్టుట మాత్రమే నిషిద్ధము కావలెను. మూడవది: ప్రకటనలో పాట వినిపించినప్పుడు కవి, స్వరకర్త, గాయకుల పేళ్లు తెరపై కనబడవలెను. సరకు ధరను, షరతులను చీమలవంటి అక్షరములతోనైనను చూపువారికి మూడు పేళ్లు బరువు కావు.

చట్టము వచ్చువరకు మనము చేతులు ముడుచుకొని యుండవలసిన పని లేదు. గ్రంథాలయోద్యమములో పనిచేయు మావంటివా రిందు చేయదగినది కలదు. ప్రతి పఠనాలయములోను నెలకొక సాయంకాలము పాటలకు కేటాయింపవచ్చును. పాటను పల్లవినుండి చివరి చరణమువరకు వినిపించి, వ్రాసినవా రెవరో, ఏ సందర్భమున వ్రాసిరో నాలుగు మాటలు చెప్పవచ్చును. పెద్దలకు కంఠస్థమైన ఉద్యమగీతములను వ్రాయించి, రికార్డు చేయించి భద్రపరుపవచ్చును. ఊరిలో జీవించియున్న కవిని పిలిచి, శాలువాతోపాటు సంచిలో కొంత సొమ్మును ఉంచవచ్చును. శాలువా చలిని ఆపును గాని ఆకలి నాపదు. తన పాటను కాపాడుకొను శక్తి కవికి కలుగవలెనన్నచో, మొదట అతని పొయ్యిలో నిప్పుండవలెను.

పాట నమ్ముకొన్నవాడును, కొన్నవాడును తమ లెక్కలు తాము చూచుకొందురు. విన్నవాని పక్షమున లెక్క చూచువాడు లేడు. మన జ్ఞాపకములకు వెల కట్టి అమ్ముటకు ఎవరికిని మనము వకాలతునామా వ్రాసి యీయలేదు. ఈ మాటను శాసనసభలలోను, పత్రికలలోను, దుకాణపు గడపలలోను గట్టిగా చెప్పు దినము రావలెను.